వీరబ్రహ్మం మిషన్లకి తుప్పు పట్టిన వైనం

పెదరేవులో భద్రాచారి ఇంటివాళ్ళకి ఒక్కటే దిగులు. తమకున్నంత తెలివి ఊళ్ళో ఇంకెవరికీ లేదని, మాట్లాడుకోడానికి సరిజోడు దొరకడం లేదని.

ఇంట్లో ముగ్గురు. భద్రాచారి, అతని భార్య మాణిక్యం, తమ్ముడు నాగలింగం. చెప్పిన పని చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. అదే వాళ్ళ గొప్ప.

వాళ్ళ మేనమామ వీరబ్రహ్మానికి సముద్రం ఒడ్డున వర్క్‌షాపు ఉంది. ముప్పై ఏళ్ళ కష్టం. ఒక లేత్ మిషను, ఒక డ్రిల్లింగ్ మిషను, గోడ నిండా పానాలు, సుత్తులు, ఆకురాళ్ళు. కూతురి పురిటికని ఊరెళ్తూ, వేరే దిక్కు లేక షాపు వీళ్ళకే అప్పగించాడు.

"వానాకాలం. పైగా ఉప్పుగాలి. తుప్పు పట్టకుండా చూస్తూ ఉండండి, చాలు" అన్నాడు.

అంతే. ముగ్గురూ మూడు పీటలు వేసుకుని లేత్ ముందు కూర్చున్నారు. చూస్తూ ఉన్నారు. కిటికీలోంచి జల్లు కొడుతోంది.

"ఏమండీ, కిటికీ మూసొస్తాను" అంది మాణిక్యం.

"కూర్చో! మావయ్య చూడమన్నాడు గానీ మూయమన్నాడా?"

ఇంకేముంది, మర్నాటికి లేత్ ఎర్రబడింది.

"మనం ముగ్గురం చూస్తుండగానే పట్టేసిందన్నయ్యా! ఎంత ధైర్యం దానికి!" అన్నాడు నాగలింగం.

మావయ్యకి ఫోన్ చేశారు. ఆయన గొల్లుమన్నాడు. "చూస్తూ కూర్చున్నార్రా? ప్రతి పనిముట్టు మీదా నూనె రాయండి! ఒక్కటి వదలొద్దు!"

అంతే. సుద్దముక్క తెచ్చారు. నాగలింగం ఆరో తరగతి దాకా చదివాడు. పానా మీద 'నూనె', ఆకురాయి మీద 'నూనె', లేత్ మీద పెద్దక్షరాలతో 'నూనె'.

"ఆముదమా, కొబ్బరినూనా అని చెప్పలేదేంటండీ?" అంది మాణిక్యం.

"ఉత్త నూనె అనే రాయనీ. మనకెందుకు?" అన్నాడు భద్రాచారి.

రెండు రోజులకి సుత్తి మీద బొబ్బల్లా తుప్పు లేచింది. భద్రాచారి దాన్ని తిప్పి తిప్పి చూసి పట్టేశాడు. "ఒరే, ఇక్కడ దీర్ఘం మర్చిపోయావు. 'నునె' అని రాశావు. పట్టదూ మరి!"

దీర్ఘం పెట్టారు. అయినా తుప్పు పోలేదు. మళ్ళీ ఫోన్.

"నాయనా, సుద్దముక్క కాదు! డబ్బాలో గ్రీజుంది. ముందు గ్రీజు పట్టించండి!" అని ఏడ్చినంత పని చేశాడు వీరబ్రహ్మం.

"అయితే ఇదంతా చేసింది గ్రీజా! డబ్బాలో దాక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది" అని ముగ్గురూ నోళ్ళు వెళ్ళబెట్టారు. డబ్బాని తాడుతో కట్టి పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళి పట్టించారు. అక్కడి హెడ్ కానిస్టేబుల్ కాసేపు డబ్బాని, కాసేపు వీళ్ళని చూశాడు. గ్రీజంతా స్టేషన్ గేటుకి పూయించాడు. ఆ వానాకాలం పెదరేవులో తుప్పు పట్టనిది ఆ గేటొక్కటే.

ఇక లాభం లేదని వీరబ్రహ్మం మనవణ్ణి సరిగా ఎత్తుకోనైనా ఎత్తుకోకుండా బస్సెక్కి వచ్చేశాడు. లేత్‌ని చూసి దాని పక్కనే చతికిలబడ్డాడు. ఎవర్నీ తిట్టలేదు. తిడితే ఆ తిట్టుని కూడా ఏం చేస్తారోనని భయం. నాలుగు రోజులు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, నూనె పూసి మిషన్లని మళ్ళీ మనుషుల్లో పడేశాడు. తర్వాత జాలరి పోలేరయ్య మరపడవకి, అడుగు కన్నంలోంచి బయటికొచ్చి పంకాని తిప్పే ఇరుసు తయారుచేశాడు. అద్దంలా మెరుస్తోంది.

"ఇది పోలేరయ్యకిచ్చి, పడవకి బిగించి రండి. వాన పడేలా ఉంది. దీనికి చుక్క నీరు తగిలిందో, మీరు నా గుమ్మం తొక్కొద్దు!"

గంటన్నర తర్వాత ముగ్గురూ తిరిగొచ్చారు. నాగలింగం భుజం మీద ఇరుసు, దాని మీద మాణిక్యం పట్టిన గొడుగు.

"బిగించలేదేంట్రా?"

"బిగించాం మావయ్యా. పోలేరయ్య టీకెళ్ళాడు. అప్పుడు తెలిసింది, వాళ్ళు పడవని నీళ్ళలోకి తోస్తారట! వెంటనే విప్పేసి తెచ్చేశాం. చూసుకో, చుక్క తగల్లేదు" అన్నాడు భద్రాచారి.

వీరబ్రహ్మం చేతిలో గుడ్డ పడేసి లేచాడు. "మరి ఆ కన్నం? పడవ?"

"టీ తాగొచ్చి, చూసుకోకుండా తోసేశారు. దానికి మాత్రం నీళ్ళు బాగానే తగిలాయి మావయ్యా, లోపల్నించి కూడా. పోలేరయ్య నడుం లోతులో నిలబడి నిన్నే పిలుస్తున్నాడు. పడవ సంగతి నువ్వు మాకు చెప్పలేదు కదా!"