ఇంకో లోటా నీళ్ళు

నేనింతవరకు ఏదీ రాసి ఎరగను. ఓబుళమ్మ చెప్పింది చెప్పినట్టు పెడుతున్నాను. వంకరగా ఉంటే మీరే సర్దుకుని చదువుకోండి.

రాయచోటి అవతల కొండవాలులో చిన్న ఆశ్రమం ఉంది. అక్కడ వంటపని ఓబుళమ్మది. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు చెమటలు పడతాయి. స్వామివారు పలకరించినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే బదులిస్తుంది.

ఆ ఏడు ఒక భక్తుడు ఆశ్రమానికి హోమ్ థియేటర్ ఇచ్చాడు. పెద్ద టీవీ, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలన ధాన్యపు గాదెలాగా బాస్ పెట్టె ఒకటి. శనివారం సాయంత్రాలు ముసలమ్మలంతా కూర్చుని భక్తి సినిమాలు చూడాలని ఆయన కోరిక. తీరా మొదటి శనివారం పెడితే, ముందు నుంచి మాటలు గుసగుసల్లా వచ్చాయి, వెనక నుంచి వాయిద్యాలు మీద పడ్డాయి. దేవుడు వరమిస్తున్నాడో శపిస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. ముసలమ్మలు చెవులు మూసుకుని మధ్యలోనే లేచిపోయారు.

బిగించినతన్ని మళ్ళీ పిలిపించారు. "ఒక్కో స్పీకరు వంతులవారీగా హుస్సుమని మోగుతుంది. మనుషులు కూర్చునే చోట కుర్చీ వేసి, దాని మీద చప్పుడు కొలిచే ఈ మీటరు పెట్టండి. ప్రతి స్పీకరుకూ డెబ్బై ఐదు చూపించేదాకా రిమోట్‌తో పెంచండి, తగ్గించండి. అంతే" అని చెప్పి, బస్సు వేళయిందని పరుగెత్తాడు.

"ఎవరు చేస్తారు?" అన్నారు స్వామివారు.

ఆవుల్ని చూసుకునే కుళ్ళాయప్ప ముందుకొచ్చాడు. "దానికేముంది స్వామీ, అన్నీ ఆఖరుదాకా పెంచేస్తే సరి. రాయచోటోళ్ళకు కూడా పుణ్యం."

స్వామివారు నవ్వి, రిమోట్ తీసుకెళ్ళి ఓబుళమ్మ చేతిలో పెట్టారు.

"నా వల్ల కాదు స్వామీ!"

"కాకపోతే సామాను ఇచ్చినాయనకే పంపించేద్దాంలే."

ఓబుళమ్మ రిమోట్ వదల్లేదు. వంటింటి బయటి పని ఒకటి ఆమె చేతికి రావడం అదే మొదలు. ఇది పాడుచేస్తే తను మళ్ళీ ఏ పనికీ చెయ్యి చాపదు. ఆ సంగతి ఆమెకే బాగా తెలుసు.

శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టింది. ముందు మూడూ లొంగాయి. వెనక కుడిదీ లొంగింది. వెనక ఎడమదే మొండికేసింది. కుడిదానంతే పెట్టినా డెబ్బై దాటదు. పెంచింది. అంకె కుదిరింది. కానీ సినిమా పెట్టి చూస్తే, ఆ మూల నుంచి వాన గోడ కూలినట్టు కురిసింది.

అక్కడే కునుకు తీస్తున్న కుళ్ళాయప్ప ఎగిరి కూర్చున్నాడు. "ఓబుళమ్మక్కా, నన్ను చంపాలనుకుంటే చెప్పు, నేనే పోతా!"

తగ్గించింది. చెవికి బాగుంది, మీటరు మాత్రం డెబ్బై అంది. మీటరును చెంగుతో తుడిచింది. ఎందుకైనా మంచిదని దండం కూడా పెట్టింది. డెబ్బై.

అప్పుడు స్వామివారు హాల్లోకి వచ్చారు. ఓబుళమ్మ కొంగు మాటే మరిచిపోయి అడిగేసింది.

"స్వామీ, చెవి ఒకటి చెప్తాంది, మీటరు ఇంకోటి చెప్తాంది. రెండిట్లో ఏది అబద్ధం?"

స్వామివారు వచ్చి కుర్చీ ముందు నేల మీద కూర్చున్నారు. వెనక ఎడమ స్పీకరు హుస్సుమంటూనే ఉంది. తెరకు అడ్డం రాకూడదని ఓబుళమ్మ ఇందాకటిలాగే కుర్చీ వెనక ఎడమపక్కకు ఒదిగి, మీటరు మీదికి వంగి నిలబడింది.

"ఎంతుంది?"

"డెబ్బై స్వామీ."

"దాహంగా ఉంది. ఒక లోటా నీళ్ళు ఇయ్యి."

నీళ్ళ కుండ హాలు ముందు మూలన ఉంది. ఆమె అటు వెళ్ళగానే స్వామివారు మీటరు చూసి, "డెబ్బై ఐదు" అన్నారు. ఆమె లోటా చేతికిచ్చి, గబగబా తన చోటికి వెళ్ళి చూసింది. డెబ్బై.

"ఇంకో లోటా."

వెళ్ళింది. "డెబ్బై ఐదు" అని వెనక నుంచి వినపడింది. వచ్చి వంగి చూసింది. డెబ్బై.

"ఇంకో లోటా" అన్నారు స్వామివారు, గుటకలు మింగుతూ.

"స్వామిది కడుపా, కుంటా?" అని కుళ్ళాయప్ప గొణిగాడు.

ఈసారి ఓబుళమ్మ నిండు లోటాతో సగం దారిలో ఆగిపోయింది. స్పీకరును చూసింది. కుర్చీని చూసింది. ఆ రెండిటి మధ్య, ఇందాకటిదాకా తను నిలబడ్డ గచ్చును చూసింది. మెల్లగా వెళ్ళి అక్కడ నిలబడింది.

"డెబ్బై" అన్నారు స్వామివారు.

పక్కకు జరిగింది.

"డెబ్బై ఐదు."

మళ్ళీ నిలబడింది. మళ్ళీ జరిగింది. లోటాలో నీళ్ళు తొణికి పాదాల మీద పడుతుంటే, చిన్నపిల్లలాగా పకపకా నవ్వింది.

"ఏదీ అబద్ధం చెప్పలేదు స్వామీ. అడ్డం నేనే."

"మీటరు పాపం, తనకు వినపడిందే చెప్పింది" అన్నారు స్వామివారు. ఆ లోటా కుళ్ళాయప్పకు ఇప్పించి, పొట్ట పట్టుకుని లేచారు. "నాకు దాహం తీరింది తల్లీ."

ఆ సాయంత్రం ముసలమ్మలు ఒక్కరూ లేవలేదు. వెనక కూర్చున్న పెద్దామె పక్కనామెను మోచేత్తో పొడిచింది. "వరమే ఇచ్చినాడు మే! నేను విన్నా."

మరునాడు పొద్దున్నే స్వామివారి ప్రవచనం. లోపలికి రావాలంటే సిగ్గు కాబట్టి, ఓబుళమ్మ రోజూ హాలు గడపలోనే నిలబడి వింటుంది. ఆ రోజూ అట్లే వచ్చి నిలబడింది. ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. కొండ మీద అప్పుడే పొద్దు పొడుస్తోంది, తన నీడ హాల్లో పొడుగ్గా పడింది.

లోపలికి నడిచి, అందరి మధ్యలో చోటు చూసుకుని కూర్చుంది.

ఆమె వెనకే లేత ఎండ హాల్లోకి వచ్చింది.