తల్లకిందుల బిళ్ళ

ఊఁ కొడతారా? అయితే వినండి. అనగనగా ముత్యాలరేవు అనే పట్నంలో పేరిశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. అతనిది మిరియాల వ్యాపారం. మనసు మాత్రం బిళ్ళల మీద.

ఏ బిళ్ళలంటారా? ఏడు సముద్రాల అవతల అమెరికా అని ఒక దేశం. అక్కడ ఏలేవాణ్ణి జనమే వోట్లు వేసి ఎన్నుకునేవారు. ఎన్నికలొస్తే తమ నాయకుడి బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ళలు తగిలించుకుని తిరిగేవారు. మనుషుల్ని బానిసలుగా అమ్మే పద్ధతి ఉండాలా, పోవాలా అని ఆ దేశం రెండుగా చీలి, అన్నదమ్ములే నాలుగేళ్ళు కొట్టుకున్నారు. ఆ యుద్ధంలోనూ బిళ్ళలే, పతకాలే. ఓడవాళ్ళ దగ్గర అలాంటిది కనబడితే చాలు, పేరిశెట్టి మిరియాల బస్తా ఇచ్చయినా సరే తెచ్చుకునేవాడు.

టేకు పెట్టెలో గళ్ళు చేయించి, దూది పరిచి, ఒక్కో గడిలో ఒక్కో బిళ్ళ పెట్టేవాడు. అది ఎవరిదో, ఎందుకు ధరించారో చీటీ మీద రాసి పక్కన ఉంచేవాడు. బిళ్ళల్ని ఎవరినీ తోమనిచ్చేవాడు కాదు. ఆ చీటీల్లో ఒక్క అబద్ధం ఉండేది కాదు. అందుకే రాజుగారికి కూడా పేరిశెట్టి మాటంటే గురి.

పెట్టెలో ఒక్క గడి మాత్రం ఖాళీ. బానిసల సంకెళ్ళు తెంచుతానన్న నాయకుడి బిళ్ళ కోసం ఉంచిన గడి అది. పదేళ్ళుగా దొరకలేదు. కంచం ముందు కూర్చున్నా ఆ గడే గుర్తొచ్చేది, పాపం.

ఒక రోజు సాయంత్రం అమెరికా ఓడ ఒకటి రేవుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే అది చూసి సత్రంలోంచి కుంటుకుంటూ ఒకడు పరుగెత్తాడు. అతని పేరు ఏబెల్. బానిసగా పుట్టి, యుద్ధంలో పోరాడి, ఆపైన నావికుడైనవాడు. రెండేళ్ళ కిందట జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఉంటే, అదే ఓడ అతన్ని ఇసుకలో వదిలేసి వెళ్ళిపోయింది. ఊళ్ళోవాళ్ళు గంజి పోసి బతికించారు. ఇంటి దగ్గర అతనికో కూతురుంది. ఈ ఓడ ఎక్కితే బిడ్డను చూస్తాడు, లేకపోతే లేదు.

ఎప్పుడూ చొక్కా లోపల దాచుకునే అతని మెడలోని బిళ్ళ ఆ పరుగులో బయటపడింది. కానీ ఓడ పనివాళ్ళ పెద్ద అయిన సరంగు అతన్ని చూస్తూనే ఆ బిళ్ళ పట్టుకుని, "దొంగ! ఇది నాది! నిన్న రేవులో దిగినప్పుడు పడవలోంచి కాజేశాడు!" అని కేకలు పెట్టాడు.

గొడవ రాజుగారి దగ్గరికి వెళ్ళింది. "నాదే ప్రభూ," అన్నాడు ఏబెల్. "నాదే," అన్నాడు సరంగు. రాజుగారు పేరిశెట్టిని పిలిపించారు.

పేరిశెట్టి ఆ బిళ్ళను చూశాడు. పదేళ్ళుగా వెతుకుతున్నది అదే! మొదట తూచాడు, తూకం సరిపోయింది. తర్వాత అంచు చూశాడు, అసలు సిసలు బిళ్ళే. మూడోసారి బెజ్జం చూశాడు. బెజ్జం నాయకుడి తల మీద లేదు, గడ్డం కింద ఉంది! తాడు కడితే బొమ్మ తల్లకిందులుగా వేలాడుతోంది.

"చూశారా?" అన్నాడు సరంగు. "తనను విడిపించిన నాయకుణ్ణి ఎవడైనా తల్లకిందులుగా కట్టుకుంటాడా? కాజేసినవాడు నిన్న తొందరలో పొడిచిన బెజ్జం అది."

బెజ్జం అంచు నున్నగా వేలికి తగిలింది. తగిలినా పేరిశెట్టి వేలు ఆగలేదు. ఆశ అలాంటిది మరి, కళ్ళకే కాదు, వేళ్ళకూ గంతలు కడుతుంది.

"సరంగు చెప్పింది సబబుగానే ఉంది ప్రభూ," అన్నాడు.

ఏబెల్‌ను ఠాణాలో పెట్టారు. బయటికి రాగానే సరంగు ఆ బిళ్ళను పేరిశెట్టి చేతిలో పెట్టి, "నీ మాట నాకు పనికొచ్చింది. ఉంచుకో," అన్నాడు. సాయంత్రం పాటుకు, అంటే సముద్రం వెనక్కి తీసే వేళకు, ఓడ లంగరెత్తుతుందని చెప్పి చక్కా పోయాడు.

పేరిశెట్టి ఇంటికొచ్చాడు. పెట్టె తెరిచాడు. గడిలో పెట్టబోతూ, ముచ్చటపడి ఒక్కసారి మెళ్ళో వేసుకున్నాడు.

అతని భార్య సుబ్బాయమ్మ అన్నానికి పిలవడానికొచ్చి కిసుక్కున నవ్వింది. "బాగానే ఉంది వరస! పాపం, ఆ పెద్దమనిషిని తల్లకిందులుగా వేలాడదీశారేమండీ?"

పేరిశెట్టి తల వంచి చూసుకున్నాడు. "తల్లకిందులేమిటే? తిన్నగానే ఉందిగా!"

అన్నాడు, అని బిళ్ళను చేత్తో పట్టుకుని మళ్ళీ చూసుకున్నాడు.

ఎదుటివాళ్ళకు తల్లకిందులు. ధరించినవాడికి తిన్నగా, కళ్ళలోకి చూస్తున్నట్టు! అప్పుడు బెజ్జం మీద మళ్ళీ వేలు పెట్టాడు. నున్నగా ఉంది. ఏళ్ళ తరబడి తాడు ఒరిస్తే తప్ప అంత నున్నబడదు. నిన్న పొడిచిన బెజ్జం కానే కాదు. అంత యాగీ చేసి గెలుచుకున్న బిళ్ళను సరంగు ఊరికే ఎందుకిచ్చాడు? బిళ్ళ మీద ఆశ ఉన్నవాడు చేసే పనేనా అది?

ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే బిళ్ళ అతనిది. పేరిశెట్టి చీటీ తీసుకుని కలం ముంచాడు. "ఇది ఎవరిది?" అని రాయాల్సిన చోట కలం కదల్లేదు.

"అన్నం చల్లారిపోతోందండీ!"

"చల్లారనీ," అంటూ చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాడు.

రాజుగారి ముందు చేతులు కట్టుకుని, "ప్రభూ, పొద్దున నేను చెప్పింది తప్పు. ఒకే ఒక్క ప్రశ్న ఇద్దర్నీ విడివిడిగా అడగండి. బెజ్జం గడ్డం కింద ఎందుకుంది?" అన్నాడు.

రాజుగారు ఇద్దర్నీ రప్పించి విడివిడిగా అడిగారు. సరంగు భుజాలెగరేశాడు. "పొద్దున్నే చెప్పానుగా. దొంగ చేతి పని."

ఏబెల్ మాత్రం మెల్లగా అన్నాడు: "లోకానికి చూపించుకోవడానికి కాదు ప్రభూ, నేను చూసుకోవడానికి. యుద్ధంలో భయమేసినప్పుడల్లా తల వంచి ఆ ముఖం చూసుకునేవాణ్ణి."

పేరిశెట్టి నున్నబడ్డ బెజ్జం చూపించాడు. ఇంకేముంది, సరంగు నిజం ఒప్పుకున్నాడు. జ్వరపడ్డవాణ్ణి ఇసుకలో వదిలేసి, వాడే పారిపోయాడని ఓడ యజమానికి అబద్ధం చెప్పింది అతనే. ఏబెల్ ఓడెక్కితే ఆ గుట్టు రట్టవుతుందని భయం. రాజుగారు సరంగును ఠాణాకు పంపి, ఏబెల్‌ను ఓడకు పంపారు.

రేవులో పేరిశెట్టే స్వయంగా ఆ బిళ్ళను ఏబెల్ మెళ్ళో వేశాడు. తాడు వదలడానికి కాస్త సమయం పట్టింది. పట్టదూ మరి, పదేళ్ళ ఆశ! "నన్ను క్షమించు నాయనా," అన్నాడు. ఏబెల్ తల వంచి బిళ్ళను చూసుకున్నాడు, తల ఎత్తి అతన్ని చూసి నవ్వాడు. పాటుతో పాటే ఓడ కదిలింది.

టేకు పెట్టెలో ఆ గడి ఇప్పటికీ ఖాళీయే. పక్కన ఒక చీటీ మాత్రం ఉంది: "ఈ బిళ్ళ ఏబెల్‌ది. అతని దగ్గరే ఉంది." ఆ పెట్టెలో అన్నిటికన్నా నిజమైన చీటీ అదేనని సుబ్బాయమ్మ అందరికీ చెప్పుకునేది.

పిల్లలూ, నీతి ఏమిటంటే: ఎదుట నిలబడి చూసింది తల్లకిందులుగా కనబడితే, తీర్పు చెప్పేముందు ధరించినవాడి కళ్ళతో ఒక్కసారి చూడాలి.