పెంచలయ్య అడిగిన నిబంధన

నెల్లూరు దగ్గర ఒకప్పుడు విమానాలు దిగిన మైదానంలో కార్ల పందేలు జరిగే రోజుల్లో, ఎదుటివాడు గెలిస్తే అన్నం సహించని పెంచలయ్య అనే మెకానిక్ ఉండేవాడు. రోడ్ల మీద తిరిగే మామూలు కార్లనే బాగుచేసి అక్కడ పందేనికి దించేవారు. పెంచలయ్య మూడేళ్ళు కష్టపడి, ఒక్కో భాగాన్నీ సొంత చేత్తో సానపట్టి తన ఇంజను తయారుచేసుకున్నాడు. అయినా గెలుపు మాత్రం పక్క షెడ్డు మస్తాన్‌దే.

"వాడి ఇంజను పెద్దది, అందుకే గెలస్తా ఉండాడు" అని పెంచలయ్య పందేల పెద్ద దశరథరామిరెడ్డి దగ్గర మొరపెట్టుకున్నాడు. ఇంజను ఇంతకు మించి ఉండకూడదని ఆయన నిబంధన పెట్టాడు. మస్తాన్ చిన్న ఇంజను బిగించుకుని మళ్ళీ గెలిచాడు.

మరుసటేడు పెంచలయ్య మళ్ళీ వెళ్ళాడు. ఈసారి లోపలికి వెళ్ళే గాలిని తగ్గించే చిల్లు రేకును అన్ని ఇంజన్లకూ బిగించమన్నారు. అందరి వేగమూ తగ్గింది, మస్తాన్ గెలుపు మాత్రం తగ్గలేదు. పెంచలయ్య తన పని మానేసి, రోజంతా పక్క షెడ్డులోకి తొంగిచూస్తూ కూర్చునేవాడు. అసూయపడేవాళ్ళకు అంత తీరిక ఎక్కడ దొరుకుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

మూడో ఏడు అసలు కోరిక బయటపెట్టాడు.

"ఓడినోడు అడిగితే గెలిచినోడు వాడితో ఇంజను మార్చుకోవాల రెడ్డిగారూ. అట్టయితే ఎవురూ లోపల దొంగపని చెయ్యరు."

"పొరుగింటి పుల్లకూర రుచంటే ఇదే. సరే, ఒక్కో మనిషి ఒక్కసారే అడగాల. ఇచ్చింది మళ్ళా తిరిగి రాదు, ఆలోచించుకో అబ్బయా."

"ఆలోచించేదేముంది? నాకా ఇంజనే కావాల."

తర్వాతి పందెంలోనూ మస్తాన్ గెలిచాడు. పెంచలయ్య అడిగాడు. మస్తాన్ వెంటనే తన ఇంజను దించి ఇచ్చి, పెంచలయ్య ఇంజన్ను తీసుకుపోయాడు. పెంచలయ్య తలుపులు వేసుకుని ఆ ఇంజన్ను ముక్కముక్కగా విప్పాడు. లోపల ఏ రహస్యమూ లేదు. మామూలు ఇంజనే, కాస్త అరిగింది కూడా. శుభ్రంగా ఉందంతే.

ఆ పై పందెంలో మస్తాన్ కారు ఎన్నడూ లేనంత వేగంగా దూసుకుపోయింది. ఆ శబ్దం పెంచలయ్య చెవులకు బాగా తెలుసు. తను సాకిన బిడ్డ పరాయివాడి కోసం పరుగెత్తుతున్నట్టు అనిపించి, ఏడుపొచ్చింది.

పందెం అయ్యాక నేరుగా మస్తాన్ దగ్గరికి వెళ్ళాడు. "ఏం చేసినావు దానికి?"

"ఏం చెయ్యలేదు పెంచలన్నా. ప్లగ్గులకు మసి పట్టుంటే తుడిచినా. వాల్వులు వదులయ్యుంటే సరిచేసినా. ఇట్టాంటి ఇంజను నేనెప్పుడూ చూళ్ళేదు. ఇన్నాళ్ళూ నాకు ఒకటే భయం, ఏదో ఒక రోజు నువ్వు దీన్ని సరిగ్గా చూసుకుంటావని."

పెంచలయ్య మెల్లగా తిరిగి, పక్కనే నిలబడ్డ రెడ్డి వైపు చూశాడు.

"ఒక్కసారే అన్నానబ్బయా" అన్నాడు రెడ్డి.

నీతి: ఎదుటివాడి గెలుపు మీదే కన్నేసి కూర్చున్నవాడు తన చేతిలో ఉన్నదాన్ని చూసుకోడు, చివరికి దాన్ని చేజేతులా ఎదుటివాడికే అప్పగిస్తాడు.