బర్రె ఒప్పుకున్న అత్తరు

"అయ్యా, అన్నింటికంటే మేలైన పరిమళం ఏది?" అని ఆదోనిలో అత్తర్లు చేసే పక్కీరప్పను శిష్యుడు మద్దిలేటి ఒకనాటి ఉదయం అడిగాడు. పువ్వుల నుంచీ వేళ్ల నుంచీ నూనె తీయడం, వాటిని పాళ్లుగా కలపడం అతనికి ఆరేళ్లుగా అలవాటైన పని. మల్లె, సంపెంగ నూనెలను గంధపు నూనెలో కలిపి తాను కొత్తగా చేసిన అత్తరు మాటే గురువు నోట వస్తుందని అతని ఆశ.

పక్కీరప్ప జవాబు చెప్పేలోగా, పాలమ్ముకుని బతికే ఈరమ్మ లోపలికి వచ్చి ఒక సీసా బల్ల మీద పెట్టింది. అది మద్దిలేటి చేసిన అత్తరే. చెల్లెలి కూతురి పెళ్లికని కొని, ఉండబట్టలేక ముందే పూసుకుందట.

"ఇది మీరే ఉంచుకోండి సామీ. నా బర్రె నన్ను గుర్తుపట్టడం లేదు. మూడు పూటలాయె, పాలు చేపలేదు. ఎంత కడిగినా ఈ వాసన పోదు. ఇట్లే ఉంటే అది వట్టిపోతుంది. పెండ్లికి నేను పేడ వాసనతోనే పోతాలే."

మద్దిలేటికి నవ్వొచ్చింది. "బర్రెకు అత్తరు సంగతి ఏం తెలుసమ్మా?"

పక్కీరప్ప నవ్వలేదు. చెప్పులు వేసుకుని ఆమె వెంట కొట్టానికి బయలుదేరాడు. శిష్యుడూ వెనకాలే నడిచాడు.

అక్కడ ఆయన గంటసేపు పనేమీ చేయలేదు. గడ్డివాము పక్కన నిలబడ్డాడు. తడిసిన తవుడు పిడికిట తీసుకుని వాసన చూశాడు. బర్రె మెడ నిమిరి ఆ అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తిరిగి అంగడికి వచ్చి వట్టివేళ్ల నూనె, నిమ్మగడ్డి నూనె, తుంగముస్తెల నూనె కలిపాడు. మల్లె నూనె మాత్రం ఒక్క చుక్కే పడనిచ్చాడు.

సాయంత్రం ఇద్దరూ మళ్లీ కొట్టానికి వెళ్లారు. ఈరమ్మ శనగపిండితో చేతులు రుద్దుకుని, చీర మార్చుకుని, ఆ కొత్త అత్తరు మణికట్టుకు రాసుకుంది. బర్రె ఆ చేతిని చాలాసేపు వాసన చూసింది. ఒకసారి నాకింది. తరువాత దూడ వైపు తల తిప్పి నింపాదిగా చేపింది. చెంబులో ధారలు మోగాయి. సంతోషం పట్టలేక మద్దిలేటి దగ్గరికి రాగానే అది కాలు విదిలించింది. అతని చొక్కా నిండా సంపెంగ వాసనే.

"నువ్వు కొంచెం అవతల నిలబడు నాయనా," అంది ఈరమ్మ, ధార ఆపకుండా. మద్దిలేటి గోడ దాకా జరిగి, తనలో తనే నవ్వుకున్నాడు.

పాలు పిండటం అయ్యాక ఆమె మణికట్టును మరొకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది నా వాసనే సామీ. కాకపోతే తలంటి పోసుకుని కొత్త చీర కట్టుకున్నట్టుంది. పెండ్లికి ఇదే పూసుకుంటా."

తిరుగుదారిలో మద్దిలేటి జేబులోంచి కాగితం తీశాడు. "ఈ పాళ్లు రాసుకోనా అయ్యా?"

"రాసుకో," అన్నాడు పక్కీరప్ప. "ఇంకొకరు వచ్చినప్పుడు మాత్రం ఆ కాగితం బయటికి తీయకు. చెప్పులు వేసుకుని వాళ్ల వెంట నడువు."