గరికయ్య వంకర గూడు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి మీదికి ఒంగిన ఒక ఈతచెట్టు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లు.

అన్నిటిలోకీ అందమైన గూడు పీతాంబరుడిది. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి పిచ్చుకలో వచ్చేవి. వచ్చినవాళ్లు ఊరికే ఉంటారా, పొగిడేవాళ్లు. పొగిడినకొద్దీ ఆయనగారి మెడ ఇంకాస్త నిక్కేది.

అతనికి లేకలేక పుట్టిన కొడుకు గరికయ్య.

ఆ చెట్టుకి ఒక కట్టుబాటు ఉంది. రెక్కలొచ్చిన ప్రతి కుర్ర గిజిగాడూ తొలకరి జల్లు పడేలోగా తన గూటికి తొలిముడి వెయ్యాలి. వెయ్యలేనివాడు చెట్టు వదిలి, పాములు తిరిగే రెల్లుదుబ్బుల్లోకి పోవాలి. తన బిడ్డకి ఆ గతి పడుతుందేమోనని పీతాంబరుడికి ఒకటే బెంగ.

ఒకరోజు గరికయ్య ఈతాకు చీల్చి ఆడుకుంటున్నాడు. చీలిక వంకరగా వచ్చింది. "పాడుచేశావు, ఇలా తే!" అని తండ్రి లాగేసుకున్నాడు.

మరోరోజు గడ్డిపరకను కొమ్మకి ముడేసి, దాన్ని పట్టుకుని తలకిందులుగా ఊగుతున్నాడు. "కోతివా, గిజిగాడివా?" అని తండ్రి ఆ ముడి విప్పేశాడు.

ఇంకోరోజు ఏటి ఒడ్డు నుంచి బంకమట్టి తెచ్చి కొమ్మకి పూస్తుంటే, ముక్కు కడిగించి మరీ కూర్చోబెట్టాడు.

తల్లి జొన్నమ్మ ఉండబట్టలేక, "పసివాడు కదండీ, కాసేపు ఆడుకోనివ్వండి," అంది.

"ఆటలతో గూడు లేస్తుందటే? నేను చెప్పింది విని నేర్చుకుంటాడు. ఏదీ ముట్టుకోకుండా!"

ఆనాటి నుంచి గరికయ్య కొమ్మ మీద బుద్ధిగా కూర్చుని పాఠం వల్లించేవాడు. "పరకను పైనుండి తిప్పి, కిందనుండి తీసి, కాలితో అదిమి, ముక్కుతో బిగించవలెను." ఎక్కడా తడుముకునేవాడు కాదు. వింటుంటే తండ్రికి కడుపు నిండిపోయేది.

ఆకాశంలో మబ్బులు కమ్మాయి. చెట్టుకి పెద్ద అయిన ముసలి గిజిగాడు కుర్రాళ్లందరినీ పిలిచాడు. పొద్దస్తమానం పరకలతో అల్లరి చేసిన పక్క గూటి పిల్లలు కిచకిచలాడుతూనే ముడులు వేసేశారు.

గరికయ్య వంతు వచ్చింది. పాఠం గడగడా అప్పజెప్పి, పరక అందుకున్నాడు. అది ముక్కులోంచి జారిపోయింది. రెండో పరక తెగింది. మూడో పరకతోపాటు తనే పడిపోయి, నీళ్లు తాకబోయి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ పైకొచ్చాడు.

"నాన్నా, నాకు అంతా తెలుసు. కానీ రావట్లేదు," అని వాడు ఏడుస్తుంటే పీతాంబరుడి గుండె తరుక్కుపోయింది.

పెద్దాయనకి జాలేసింది. "చినుకు ఇంకా పడలేదుగా. పడేదాకా గడువుంది," అన్నాడు.

జొన్నమ్మ మొగుడి పక్కకి చేరింది. "చెవికి చెప్పారు, బాగానే ఉంది. ముక్కుకీ కాలికీ ఎవరు చెప్తారండీ?" అంది.

పీతాంబరుడు ఒక పచ్చి పరక తెచ్చి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస కొడుకు ముందు ఆడించాడు. "లాగు చూద్దాం! ఎవరు గెలుస్తారో!"

గరికయ్య నమ్మలేనట్టు చూశాడు. తర్వాత లాగాడు. తండ్రి కావాలనే ఓడిపోయి వెల్లకిలా పడ్డాడు. పిల్లాడు పడీపడీ నవ్వాడు.

లాగుడాటలో ముక్కుకి పట్టు చిక్కింది. ఉయ్యాలాటలో ముడి బిగిసింది. బిగవకపోతే ఉయ్యాల ఊడి ఏట్లో పడాల్సిందే మరి! మట్టి ఆటలో, గాలికి ఎగిరే పరకకి ఎక్కడ బరువు పెడితే నిలుస్తుందో తెలిసింది. నేర్చుకుంటున్నానని వాడికి తెలియనే తెలియదు.

ఉరుములు మొదలయ్యాయి. గరికయ్య తొలిముడి వేశాడు. ఆ వెనకే తొలి చినుకు రాలింది. చెట్టంతా కిచకిచమంది.

కొన్నాళ్లకి ఆ ముడి గూడైంది. గూడేమో కాస్త వంకర, గుమ్మం ఓ పక్కకి చూస్తోంది. సరిచేద్దామని పీతాంబరుడి ముక్కు ఒకటే దురద పెట్టింది. జొన్నమ్మ చూసిన చూపుకి దాన్ని రెక్క కింద దాచుకున్నాడు.

ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. ఈతచెట్టు ఊగింది. వంకర గూడు కూడా ఊగింది, ఊగి ఊగి అక్కడే నిలిచింది. లోపలి నుంచి గరికయ్య కేక వేశాడు.

"నాన్నా, వాన తగ్గాక లాగుడాట ఆడదామా?"

"ఆడదాంరా! ఈసారి ఊరికే ఓడిపోనులే," అన్నాడు పీతాంబరుడు. ఆ మాట అంటుంటే అతని కళ్లు చెమర్చాయి.

పిల్లలకు ఆటే తొలి చదువు. ఆ ఆటను లాక్కున్నవాడు వాళ్ల చదువునే లాక్కున్నట్టు.