ఊరూరా తిరిగిన మంచం

వినేవాళ్లు దగ్గరికి జరగండి. ఊకొట్టేవాళ్లు ఊకొట్టండి. అనగా అనగా ఒక కాలం. అప్పుడు ఏ రాజు ఏలాడో ఎవరికీ గుర్తులేదు. కొండల కింద ఒక వాగు. వాగుకు ఇవతల కొన్ని పల్లెలు, అవతల కొన్ని పల్లెలు. ఇవతలి పల్లెల్లో ఒకచోట లింగోజు అని ఒక వడ్రంగి ఉండేవాడు. ఆయన భార్య కాళమ్మ. వాళ్లకు ఒక్కతే బిడ్డ, పాపక్క.

లింగోజు మంచాలు చేసేవాడు. పందిరి మంచం చేసేవాడు, పట్టె మంచం చేసేవాడు, నులక మంచం చేసేవాడు. ఆయన చేతి మంచం మీద అటు పొర్లినా ఇటు పొర్లినా కిర్రుమన్న చప్పుడు రాదు. కానీ లింగోజు ఇంట్లో మాత్రం మంచం లేదు. ముగ్గురూ చాప మీదే పడుకునేవాళ్లు.

అక్కడి నేల నల్లరేగడి. వానాకాలం వచ్చిందంటే ఇంట్లో నేల కూడా చెమర్చేది. చాప కింద చెయ్యి పెడితే చెయ్యి తడిసేది.

కాళమ్మ ఒకరోజు అడిగింది. "ఏమయ్యా, మనకూ ఒక మంచం చెయ్యరాదా? పిల్లకు వీపంతా చల్లబడుతోంది."

"చేస్తానే. ఊరి పెద్దాయన పందిరి మంచం అడిగినాడు. ఇది ఒక్కటి అయిపోనీ," అన్నాడు లింగోజు.

పందిరి మంచం అయిపోయింది. కాళమ్మ మళ్లీ అడిగింది.

"చేస్తానే. కుమ్మరోళ్ల కోడలు నెలలు నిండి ఉంది. బాలింతను నేల మీద పండబెడతారా? ఇది ఒక్కటి అయిపోనీ."

అదీ అయిపోయింది. కాళమ్మ మళ్లీ అడిగింది.

"చేస్తానే. పైవీధి ముసలాయన నడుము విరిగి మూలుగుతున్నాడు. ఇది ఒక్కటి అయిపోనీ."

లింగోజు చెడ్డవాడు కాదు. ఎదుట నిలబడి అడిగినవాళ్లకు లేదనలేడు, అంతే. ఇంట్లోవాళ్లు ఎక్కడికీ పోరు కదా, వాళ్లు ఆగుతారులే అనుకున్నాడు.

పాపక్క ఆగలేదు. ముసురు పట్టిన నెలలో పిల్లకు చలిజ్వరం వచ్చింది. కాళమ్మ చాప మీద గోనె వేసింది. గోనె తడిసింది. గోనె మీద తన చీర మడత పెట్టి వేసింది. చీర తడిసింది. ఆఖరికి పిల్లను ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక పొద్దుటిపూట ఆ ఒళ్లోనే పిల్ల కన్ను మూసింది.

అప్పటికి ముసలాయన మంచం నడవలో నిలబెట్టి ఉంది. చిత్రిక పట్టడం అయిపోయింది. నులక అల్లడం ఒక్కటే తక్కువ. దాన్ని చూసి కాళమ్మ ఒక్క మాటా అనలేదు. అని ఉంటే లింగోజుకు కాస్త తేలికయ్యేది.

పిల్లను మట్టి చేసి వచ్చాక లింగోజు చాలాకాలం ఉలి పట్టలేదు. తర్వాత ఒకరోజు దూలం కోసమని దాచుకున్న మద్దిమాను బయటికి లాగాడు. బాడిశతో చెక్కాడు. నాలుగు కోళ్లు, అంటే మంచం కాళ్లు, చేశాడు. రెండు పొడుగు పట్టెలు, రెండు అడ్డ పట్టెలు చేశాడు. ఒక్క ఇనుప మేకు వాడలేదు. అన్నీ కొయ్య చీలలే. చీలలు ఊడదీస్తే మంచం మొత్తం విడిపోయి కట్టెల మోపంత అవుతుంది. నెత్తిన పెట్టుకుని వాగు దాటొచ్చు. ఎంత పొట్టి వాకిలి ఉన్న గుడిసెలోకైనా తీసుకుపోవచ్చు.

కాళమ్మ చూస్తూనే ఉంది. పిల్ల పోయాక చేస్తున్నాడు, ఇప్పుడు నాకెందుకు అనుకుంది. అయినా గోగునార నానబెట్టి, వెడల్పాటి నవారు అల్లి, ఉండ చుట్టి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది ఏ మూల వేద్దాం?" అని అడిగింది.

లింగోజు తల ఎత్తలేదు. "ఇది మనకు కాదే. జ్వరంతో నేల మీద పడి ఉన్నవాళ్లకు. ఎవరింట్లో అవసరమైతే వాళ్లింటికి పోతుంది. వాళ్లు లేచి తిరిగినాక ఇంకో ఇంటికి పోతుంది."

"మనకు కాదా?" అంది.

"మన పిల్లకు చెయ్యలేకపోయినా. ఇంక నేనెట్లా దాని మీద పండుకునేది?"

"నువ్వు పండుకోవద్దు. నన్నడిగినావా?"

లింగోజు నవారు ఉండ అందుకుని పట్టెలకు చుట్టసాగాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. అన్నం పెట్టేది, తినేవాడు. అంతే.

మంచం మొదట మేదరోళ్ల ఇంటికి పోయింది. వాళ్లకు దాన్ని కూర్చడం తెలియలేదు. తలవైపు కోడు కాళ్లవైపు పెట్టారు. చీల దిగలేదని బండరాయితో కొట్టారు. మంచం కుంటుతూ నిలబడింది. జ్వరంలో ఉన్న ఇంటాయన పక్కకు దొర్లి కింద పడ్డాడు.

లింగోజు పరుగున పోయాడు. తిట్టలేదు. మంచం విప్పి ఇంటిల్లిపాదినీ చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు.

"చూడండి. ఇది కోడు. కోడంటే కాలు. ఇది పట్టె. పట్టె అంటే చెయ్యి. పట్టె చివర సన్నంగా చెక్కినాను చూడండి, దీన్ని కుసి అంటాం. కుసి అంటే వేలు. కోడుకు పెట్టిన ఈ బెజ్జం పిడికిలి. వేలు పిడికిట్లోకి మెల్లగా పోవాలి. బలవంతం చేస్తే పిడికిలి పగులుతుంది. పోయినాక పక్కనుంచి చీల దించాలి. అప్పుడు పిడికిలి వేలిని వదలదు."

ఒక్కో కోడు మీద ఒక్కో రకం గాటు పెట్టాడు. ఆ కోడులో దూరే పట్టె మీద కూడా అదే గాటు పెట్టాడు. "గాటుకు గాటు కలపండి. తప్పు పోదు," అన్నాడు.

అది మొదలు మంచం ఏ ఇంటికి పోయినా లింగోజు వెంట పోయేవాడు. కోడు కాలు, పట్టె చెయ్యి, కుసి వేలు. ప్రతి ఇంట్లోనూ అదే మాట. పిల్లలు దాన్ని పాటలా పట్టుకున్నారు. కోడు కాలు, పట్టె చెయ్యి, కుసి వేలు అంటూ వాకిట్లో గెంతేవాళ్లు. కొన్నాళ్లకు లింగోజు రాకపోయినా మంచం దానంతట అదే ఊరూరా తిరగసాగింది. ఇవతలి పల్లెలన్నీ తిరిగింది. వాగు దాటి అవతలి పల్లెలూ తిరిగింది. దాని మీద పడుకున్నవాళ్లలో కొందరు లేచారు. కొందరు లేవలేదు. లేవనివాళ్లను కూడా ఆఖరి ఊపిరప్పుడు మాత్రమే నేలకు దించారు. అంతవరకూ పొడిగా ఉన్నారు.

ఏళ్లు గడిచాయి. కాళమ్మ జుట్టు నెరిసింది. ఒక వేసవిలో లింగోజు తనంతట తానే అన్నాడు.

"కాళీ, ఇంకోటి మొదలుపెడుతున్నా. ఇది మాత్రం నీకు."

కాళమ్మ ఆయన వైపు చూసింది. నమ్మాలో వద్దో తెలియలేదు. "చెయ్యి," అంది.

రెండు కోళ్లు అయ్యాయి. వాటిని గోడకు ఆనించాడు. మూడోదానికి కొయ్య కోస్తుండగా వానలు పడ్డాయి. వానలతో పాటు జ్వరాలు వచ్చాయి. ఆ ఏడు జ్వరం లింగోజును పట్టుకుంది.

మూడు రోజులు చాప మీదే ఒణికాడు. కాళమ్మ చాప మీద గోనె వేసింది. గోనె తడిసింది. మళ్లీ గోనె కింద చెయ్యి పెట్టి చూడలేకపోయింది.

"నీ మంచం తెస్తా, ఉండు," అని లేచింది.

మంచం అప్పుడు వాగు అవతల, గొర్రెలు కాసే బీరన్న గుడిసెలో ఉంది. వాగు మోకాళ్లు దాటి పారుతోంది. కాళమ్మ చీర ఎగ్గట్టి దిగింది. దారి పొడుగునా ఆమె ఒక్కటే అనుకుంది. ఈసారి అడగను, తీసుకుంటాను. ఎవరేమన్నా తీసుకుంటాను.

గుడిసె వాకిట్లో బీరన్న నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూసే విషయం తెలుసుకున్నాడు.

"అన్నకు బాగలేదా?"

"బాగలేదు."

బీరన్న పక్కకు జరిగాడు. లోపలికి దారి ఇచ్చాడు. మంచం మీద ఆయన కూతురు పడుకుని ఉంది. పాపక్క అంతే ఉంటుంది. కళ్లు మూసుకుని, ఒక చేత్తో పట్టెను గట్టిగా పట్టుకుని ఉంది. పక్కన కూర్చున్న తల్లి కాళమ్మను చూసి లేచింది. మూలనున్న గోనె తీసి నేల మీద పరిచింది.

"తీసుకో వదినా. ఆయన చేసిన మంచం. ఆయనకు లేకుండా మాకెందుకు?" అన్నాడు బీరన్న. వంగి మొదటి చీల మీద చెయ్యి వేశాడు.

కాళమ్మ గోనె వైపు చూసింది. అంచుల దగ్గర అప్పుడే నల్లబడుతోంది. తడి మెల్లగా నడిమికి పాకుతోంది. ఆమె చూస్తూ నిలబడింది. ఆ పిల్ల మీద కోపం వచ్చింది. ఆ తల్లి మీద కోపం వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా లింగోజు మీద వచ్చింది. పాపక్క ఉన్నప్పుడు ఆయన చేతులు ఎక్కడికి పోయాయి అనుకుంది.

తర్వాత వంగి బీరన్న చెయ్యి చీల మీదనుంచి తీసేసింది.

"ఉండనీ బీరన్నా. పిల్ల ఎట్లుందో చూసిపోదామని వచ్చినా."

ఆ మాట అబద్ధమని ముగ్గురికీ తెలుసు. ఎవరూ కాదనలేదు. కాళమ్మ మళ్లీ వాగులో దిగింది.

లింగోజు కళ్లు తెరిచి ఆమె ఉత్త చేతులు చూశాడు.

"ఏదే?"

"పిల్ల ఉంది దాని మీద."

"ఎట్లుంది?"

"పట్టె పట్టుకుని పండుకుంది."

లింగోజు ఆమె వైపు తిరిగాడు. "ఈ వానలకు చీలలు వదులవుతాయి. చూసినావా?"

"చూసినా. బిగిసే ఉన్నాయి," అంది కాళమ్మ. ఆమె చూడలేదు.

"అయితే సరే," అన్నాడు. ఇంకాసేపటికి గోడకు ఆనించిన రెండు కోళ్ల వైపు చూసి, "అవి నీవే," అన్నాడు.

కాళమ్మ గోడకు చేరబడి ఆయన తలను ఒళ్లోకి తీసుకుంది. ఎన్నో ఏళ్లుగా అనని మాటలన్నీ ఆ వేళ అంది. తిట్లు కొన్ని, తిట్లు కానివి కొన్ని. ఆయన విన్నాడో లేదో ఆమెకు తెలియలేదు. తెల్లవారి పొయ్యిల పొగలు లేచే వేళకు లింగోజు లేడు. ఊరూరికీ మంచం ఇచ్చినవాడు తడి నేల మీదే పోయాడు.

ఆయన్ని మట్టి చేసి వచ్చిన కొన్నాళ్లకు బీరన్న మంచం నెత్తిన పెట్టుకుని వచ్చాడు. వెనకే వాళ్ల పిల్ల, తల్లి కొంగు పట్టుకుని నడిచి వచ్చింది. చిక్కిపోయింది గానీ బతికింది. బీరన్న మోపు దించి వాకిట్లో కూలబడ్డాడు. పిల్ల కాళమ్మ పక్కన పోయి కూర్చుంది.

అంతలో పై ఊరి నుంచి ఇంకో మనిషి వచ్చాడు. వాళ్లమ్మకు జ్వరమట. మంచం కోసం వచ్చాడు.

కాళమ్మ లేచింది. "ఇస్తా. కానీ ఈ పూట కాదు," అంది.

మోపు విప్పింది. గాటుకు గాటు చూసి కోళ్లకు పట్టెలు దూర్చింది. చీలలు దించింది. నవారు బిగించింది. లింగోజు ఇంట్లో పడుకోవడానికని మంచం వేయడం అదే మొదలు. తలవైపు ఆయన పంచె మడిచి దిండులా పెట్టింది. పక్కనే నేల మీద కూర్చుంది.

"ఈ పూట ఆయన పండుకుంటాడు," అంది.

పై ఊరి మనిషి అరుగు మీద కూర్చున్నాడు. తొందర పెట్టలేదు. బీరన్న కూర్చున్నాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి, విషయం తెలుసుకుని, చెప్పులు విడిచి కూర్చున్నారు. అందరూ ఖాళీ మంచం వైపు చూస్తూ ఉండిపోయారు. పొద్దు వాలింది. అప్పుడు కాళమ్మ పంచె తీసి భుజాన వేసుకుంది. తన చేత్తోనే చీలలు ఊడదీసి మంచాన్ని మోపు కట్టింది. పై ఊరి మనిషి నెత్తికెత్తుకున్నాడు. కాళమ్మ అతని వెంట నడిచింది, మంచం కూర్చి ఇవ్వడానికి. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అట్లాగే మంచం వెంట నడిచింది.

ఆమె పోయింది. మంచమూ పోయింది. ఒక కోడును చెదలు తిన్నాయి, ఒక పట్టె వాగులో కొట్టుకుపోయింది. కానీ ఆ కొండల కింద పల్లెల్లో ఇప్పటికీ జబ్బు మనిషి కోసం మంచం అడిగితే లేదనరు. కొత్త మంచం ఎవరు కూర్చినా, ఎంత అలసిపోయి ఉన్నా, వెంటనే దాని మీద పడుకోరు. తలవైపు ఒక ఉతికిన పంచె మడిచి పెడతారు. పొద్దు వాలేదాకా ఖాళీగా వదిలేస్తారు. తెలియని పిల్లలు ఎక్కబోతే పెద్దవాళ్లు రెక్క పట్టుకుని ఆపుతారు.

"ఇప్పుడే కాదు నాయనా. లింగోజు కునుకు తీస్తున్నాడు."

పొద్దు వాలేదాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.