దగ్గరగా ఆగిన బంతి

పరిమళ గోల్ఫ్ నేర్చుకోవడానికి వచ్చింది ఆట మీద మోజుతో కాదు, కడుపుమంటతో.

మందుల కంపెనీలో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. కొత్త మందును ఆసుపత్రుల చేత కొనిపించడంలో ఆమెను మించినవాళ్లు లేరని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. అయినా ఏం లాభం? ఛైర్మన్ వెంకటరత్నం గారు ప్రతి శనివారం పొద్దున్నే గోల్ఫ్ ఆడతారు. ఆయనతో ఆడినవాళ్లకు సోమవారానికల్లా కొత్త కుర్చీ సిద్ధం. మీటింగుల్లో గొంతు చించుకున్నా తేలని సంగతి ఆ పచ్చగడ్డి మీద మూడు మాటల్లో తేలిపోతుంది. ఇప్పుడు దక్షిణాది మొత్తానికి పెద్ద పదవి ఖాళీ అవుతోంది. ఈసారి కూడా అది చేజారితే ఉద్యోగం మానేస్తానని ఇంట్లో చెప్పేసింది.

అందుకే బాలమణి దగ్గర చేరింది.

బాలమణికి అరవై దాటాయి. హైదరాబాదు శివార్లలోని ఆ మైదానంలోకి మొదట కలుపు తీసే కూలీగా వచ్చింది. తర్వాత ఇరవై ఏళ్లు ఆడేవాళ్ల సంచులు మోసింది. మోస్తూ మోస్తూ ఆట పట్టేసింది. ఇప్పుడు పెద్ద ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు తెల్లవారేసరికి వచ్చి, "అక్కా, కర్ర పట్టు సరిగ్గా ఉందా?" అంటూ ఆమె ముందు నిలబడతారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. తెలుగులో కూడా మాటలు తక్కువే.

మూడు నెలల్లో పరిమళ బంతిని దూరం కొట్టడం బాగా నేర్చుకుంది. "ఆడమనిషి కొట్టిందంటే ఎవరూ నమ్మరు!" అని పక్కన సాధన చేసేవాళ్లు అనేవారు. ఆ మాట వినడానికే మళ్లీ మళ్లీ కొట్టేది. గుంత దగ్గర నిలబడి చిన్న కర్రతో బంతిని మెల్లగా లోపలికి తట్టమంటే మాత్రం ముఖం చిట్లించేది.

గురువారం పొద్దున ఉత్సాహంగా వచ్చింది.

"అక్కా, ఎల్లుండి ఛైర్మన్ గారు నన్ను కూడా ఆటకు రమ్మన్నారు! ఈ రెండు రోజులూ దూరం కొట్టడమే చేయించు."

"చిన్న కర్ర?"

"దానితో పనేముందక్కా? గుంతకు రెండడుగుల్లోకి వస్తే చాలు, పడినట్టే లెక్కేసి 'అయిందిలే, తీసేసుకో' అంటారు. మామూలు ఆటల్లో అందరూ అంతే. ఆడవాళ్లకైతే మూడడుగులైనా వదిలేస్తారు."

"అట్లనా?" అంది బాలమణి. "నడువు, తొమ్మిది గుంతలు ఆడి వద్దాం."

మొదటి గుంత దగ్గర పరిమళ బంతి రెండడుగుల దూరంలో ఆగింది. ఆమె చిన్న కర్ర తీసేలోపే బాలమణి వంగి బంతిని తీసి చేతిలో పెట్టింది. "అయింది, పా." రెండో గుంత దగ్గరా అంతే, మూడో దగ్గరా అంతే. పరిమళకు బాగానే ఉంది. పని తగ్గితే ఎవరికి చేదు?

అయిదో గుంత దగ్గర వచ్చింది తంటా. పరిమళ రెండు దెబ్బల్లో బంతిని గుంతకు జానెడు దూరంలోకి చేర్చింది. నాలుగు దెబ్బల్లో ముగిస్తే గొప్పనే చోట ఇంకొక్క దెబ్బతో మూడే అవుతాయి. పుట్టి బుద్ధెరిగాక అలా ఆడటం అదే మొదటిసారి. ఆత్రంగా చిన్న కర్ర తీసింది. ఈలోపు బాలమణి వంగి బంతిని తీసేసింది.

"అక్కా! అది నేను వేసుకోవాల్సింది!"

"జానెడే గదా బిడ్డా. పడుతుండె."

"పడేది వేరు, పడింది వేరు!"

బాలమణి బంతి చేతికిచ్చి ముందుకు నడిచింది. మిగిలిన నాలుగు గుంతల దగ్గరా అదే వరస. పరిమళకు ఏడుపొచ్చినంత పనైంది.

తొమ్మిదో గుంత దాటాక బాలమణి వెనక్కి తిరిగింది.

"ఇయ్యాల నీ బంతి ఎన్ని గుంతల్ల పడ్డది బిడ్డా?"

పరిమళ వెనక్కి తిరిగి గుంత వైపు నడిచింది. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లింది. ఎండెక్కేదాకా చిన్న కర్ర వదల్లేదు.

శనివారం ఆటకు ముగ్గురే. ఛైర్మన్ గారు, పరిమళ, అదే పదవి మీద కన్నేసిన కిరీటి. ఎనిమిదో గుంత దాటి నడుస్తుంటే ఛైర్మన్ గారు ఆప్యాయంగా అన్నారు.

"బాగా ఆడుతున్నావమ్మా. నీ సంగతి నా మనసులో ఉంది. దక్షిణాదికి కిరీటిని అనుకుంటున్నాం. తిరుగుడు ఎక్కువ కదా, నీకెందుకా అవస్థ? నీకు ట్రైనింగ్ విభాగం ఇచ్చేద్దాం. హాయిగా ఉంటుంది."

"థాంక్యూ సార్" అన్నది పరిమళ నోరు, అలవాటు కొద్దీ.

తొమ్మిదో గుంత దగ్గర కిరీటి బంతి మూడడుగుల్లో ఆగింది. "అయిందిలే కిరీటీ" అన్నారు ఛైర్మన్ గారు. అతను తీసేసుకున్నాడు. పరిమళ బంతి రెండడుగుల్లో ఆగింది. "నీదీ అయిందిలేమ్మా, తీసేసుకో."

ఆమె వంగింది. చెయ్యి బంతిదాకా వెళ్లి ఆగింది. మెల్లగా లేచి నిలబడింది.

"కొడతాను సార్."

"ఎందుకండీ, ఎండెక్కుతోంది" అని నవ్వాడు కిరీటి.

కొట్టింది. బంతి గుంత అంచు చుట్టూ తిరిగి బయటికొచ్చేసింది. "అయ్యయ్యో!" అన్నాడు కిరీటి. తీసేసుకుని ఉంటే పరువు దక్కేది కదా అని పరిమళకు చెవులు వేడెక్కాయి. అయినా మళ్లీ నిలబడి కొట్టింది. టక్కుమని పడింది. దెబ్బల లెక్క రాసే తన చీటీలో దాన్ని కూడా రాసుకుంది.

అప్పుడు ఛైర్మన్ గారి వైపు తిరిగింది.

"సార్, ట్రైనింగ్ విభాగం నాకొద్దు. దక్షిణాదికి ఇంటర్వ్యూ పెట్టండి, నేనూ కూర్చుంటాను. రాకపోతే రాలేదు."

ఛైర్మన్ గారు కిరీటి వైపు తిరిగారు.

"కిరీటీ, నీ బంతి కూడా పెట్టి కొట్టవయ్యా."

కిరీటి తెచ్చి పెట్టాడు. ఇందాకటికంటే కాస్త దగ్గరగానే పెట్టాడనుకోండి.

"మంగళవారం పదకొండింటికి ఇద్దరూ రండి" అన్నారు ఛైర్మన్ గారు.

ఆదివారం పొద్దున బాలమణి కర్రలు తుడుస్తూ కూర్చుంది. తలెత్తకుండానే అడిగింది.

"పడ్డదా?"

"మొదటి దెబ్బకు పడలేదక్కా. రెండోదానికి పడింది." పరిమళ సంచి కింద పెట్టింది. "మంగళవారం ఇంటర్వ్యూ. వస్తుందో రాదో."

బాలమణి గుంతకు రెండడుగుల దూరంలో బంతి పెట్టి, చిన్న కర్ర చేతికిచ్చి, అటు తిరిగి మళ్లీ కర్రలు తుడుచుకోసాగింది.

"చూడవా అక్కా?"

"చూసుడెందుకు బిడ్డా? పడితే ఇనబడ్తది."